పరుపు మీది తడి

దస్తగిరి తాత దగ్గరకు హుసేనప్ప వచ్చింది అల్లా నామం నేర్చుకుందామని. ఏడాది తిరిగేసరికి అతనికి బాగా వంటబట్టిన విద్య ఒక్కటే, పిల్లి ఉచ్చ కడగడం.

తాత ఉండేది పత్తికొండ దాటాక ఒక చిన్న మిద్దెలో. వయసు ఎనభై పైనే. ఆయనకు తోడు బీబీ అనే ముసలి పిల్లి. దానికి ఒక కన్ను పోయింది. వెనక కాళ్లు ఈడ్చుకుంటూ నడుస్తుంది. పడుకునేది మాత్రం తాత పరుపు మీదే, ఆయన కాళ్ల సందున. తెల్లారి చూస్తే పరుపు తడి. ఒక్కోసారి చాప మీద, గడప పక్కన కూడా.

హుసేనప్ప పుట్టుకతో దూదేకులవాడు. పరుపు తడిస్తే అట్లా వదిలేయడానికి చెయ్యి ఊరుకోదు. కుట్లు విప్పాలి. ఉండలు కట్టిన దూదిని మిద్దె మీద ఎండబెట్టాలి. విల్లు పట్టి మళ్లీ ఏకాలి. పరుపు గలేబు ఉతకాలి, దబ్బనంతో మళ్లీ కుట్టాలి. వారానికి రెండుసార్లు ఇదే పని. తస్బీ పూసలు తిప్పుతూ కళ్లు మూసుకున్నా ముక్కులో అదే కంపు.

"తాతా, నాకు ఇంక ఓపిక లేదు," అన్నాడు ఒకరోజు. "దూది ఏకే బతుకు వద్దనే కదా ఇల్లు విడిచి వచ్చింది. ఇక్కడా అదే ఏకుడు. పైగా కంపు."

తాత తల దించుకున్నాడు. "ముసలిది నాయనా. దాన్ని ఏమీ అనకు," అన్నాడు. ఇంకేదో చెప్పబోయి ఆగిపోయాడు.

హుసేనప్పకు ఒళ్లు మండింది. నా నడుం విరిగినా ఫరవాలేదు, ఈయనకు పిల్లే ఎక్కువ అనుకున్నాడు.

ఆ శుక్రవారం తాత పక్క వీధిలోని మసీదుకు వెళ్లగానే బీబీని సంచిలో వేసుకుని ఆదోని బస్సెక్కాడు. అక్కడ ఒక పత్తి మిల్లు గోడ పక్కన వదిలేశాడు. ఎలుకలకు కొదవ లేదులే, బతికేస్తుందని తనకు తానే చెప్పుకున్నాడు. ఒంటికన్నుతో, ఈడ్చుకునే కాళ్లతో అది ఎలుకను పడుతుందట! అంత తెలివి మనవాడిది.

"బీబీ ఏది?" అని అడిగాడు తాత సాయంత్రం.

"యాడికో పోయింది తాతా. అదే వస్తుందిలే."

తాత గిన్నెలో పాలు పోసి గడప దగ్గర పెట్టి, పొద్దు గూకేదాకా అక్కడే కూర్చున్నాడు. పాలకు చీమలు పట్టాయి.

హుసేనప్ప కొత్త గలేబు కుట్టాడు. దూదంతా మబ్బులా పొంగేదాకా ఏకాడు. ఇదే ఆఖరుసారి అనుకుంటూ దారం ముడేశాడు. చాలా రోజులకు కంటినిండా నిద్రపోయాడు.

మూడో రోజు తెల్లవారుజాము నమాజుకు లేచి చూస్తే తాత వట్టి నేల మీద కూర్చుని ఉన్నాడు. పరుపు తడిసింది. ఆయన లుంగీ తడిసింది. కత్తెర పట్టుకుని, కుట్లు ఒక్కొక్కటే విప్పుతున్నాడు.

హుసేనప్ప దగ్గరకు వచ్చి కత్తెర కోసం చెయ్యి చాపాడు.

"ఇటివ్వండి తాతా."

తాత ఇవ్వలేదు, తల ఎత్తలేదు. "ఇన్నాళ్లూ ఆ మూగది నా పరువు కాపాడింది నాయనా," అన్నాడు. "సిగ్గుతో నేను నోరు విప్పలేదు. ఇప్పుడు ఎవరి మీద పెట్టను?"

హుసేనప్ప నీళ్లు కాచాడు. తాతకు స్నానం చేయించి, ఉతికిన లుంగీ కట్టించి నమాజుకు కూర్చోబెట్టాడు. దూదిని మిద్దె మీద ఆరబోశాడు. తర్వాత మేకుకు తగిలించిన సంచి తీసుకున్నాడు.

"అది తనంతట పోలేదు తాతా."

"తెలుసు. పోయిరా."

ఆదోనిలో మధ్యాహ్నం దాకా "బీబీ, బీబీ" అంటూ మిల్లు చుట్టూ తిరిగాడు. కూలీలు చూసి, పెళ్లాం పారిపోయిందనుకుని జాలిపడ్డారు. చివరికి పత్తి బేళ్ల వెనక దొరికింది, ఎముకల గూడులా. అతని చెయ్యి వాసన చూసి, పారిపోకుండా తలను అరచేతిలో పెట్టింది. హుసేనప్పకు ఏడుపు ఆగలేదు.

తిరుగు బస్సు కిటకిటలాడుతోంది. సంచిని ఒడిలో పెట్టుకుని ఇరుక్కుని కూర్చున్నాడు. సగం దూరం పోయాక తొడ మీద వెచ్చగా తగిలింది. పంచె తడిసింది, సీటు తడిసింది, కిందికి కారింది.

పక్కనున్న ఆమె చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని లేచింది. "ఛీ ఛీ! ఏం కంపమ్మా ఇది!"

కండక్టరు జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. "ఎవరప్పా ఈ పని చేసింది?"

బస్సంతా వెనక్కి తిరిగి చూసింది. సంచిలో బీబీ ముడుచుకుంది. హుసేనప్ప సంచి మీద కండువా కప్పి గుండెకు అదుముకున్నాడు.

"నేనే అన్నా," అన్నాడు.