రాయి కాని రాకుమారుడు

పిల్లలూ, ఏడు సముద్రాలకు ఇవతలి ఒడ్డున కుందగిరి అని ఒక రాజ్యం ఉండేది. దాన్ని శూరకేతు అనే రాజు ఏలుతుండేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు రణధీరుడు, కత్తి పడితే అతనికి ఎదురులేదు. రెండోవాడు వజ్రబాహుడు, పిడికిలితో కొబ్బరికాయ పగలగొట్టేవాడు. మూడోవాడు సుకేతుడు. అతని సంగతి కాస్త నెమ్మదిగా చెప్పాలి.

సుకేతుడికి పదహారో ఏట ఒక దిగులు పట్టుకుంది. అతన్ని ఎవరూ తిట్టలేదు, ఇంట్లో ఎవరూ పోలేదు, ఏ లోటూ రాలేదు. ఒకరోజు పొద్దున లేచేసరికి గుండెల మీద ఎవరో బరువు పెట్టినట్టు ఉంది. మర్నాడూ ఉంది. ఆ మర్నాడూ ఉంది. పాయసం తింటే మట్టి తిన్నట్టు ఉండేది. వీణ వింటే ఎక్కడో గోడ అవతల ఎవరో వాయిస్తున్నట్టు ఉండేది. పొద్దున్నే మంచం దిగబోతే లోపలినుంచి ఒక గొంతు అనేది: "ఎందుకు లేవడం? నీవల్ల ఏమవుతుంది? నువ్వు లేకపోయినా ఎవరికీ లోటు లేదు." అలా ఒక ఏడాది కాదు, రెండేళ్ళు కాదు, ఏడేళ్ళు గడిచాయి.

రాజు చేయని ప్రయత్నం లేదు. వైద్యులు వచ్చి లేహ్యాలు ఇచ్చారు. మంత్రగాళ్ళు వచ్చి తాయెత్తులు కట్టారు. విదూషకులు వచ్చి పిల్లిమొగ్గలు వేశారు. పాపం, వాళ్ళు నొచ్చుకుంటారని సుకేతుడు నవ్వినట్టు నటించేవాడు. దాంతో ఇంకా అలసిపోయేవాడు.

అన్నలిద్దరూ మంచివాళ్ళే. "వేటకు రా తమ్ముడూ, అదే పోతుంది" అనేవాడు పెద్దన్న. "అన్నీ ఉన్నవాడికి దిగులేమిటిరా?" అనేవాడు చిన్నన్న.

దిగులు మొదలైన అయిదేళ్ళకు ఒకనాడు ఓడల మీద తిరిగే వర్తకుడొకడు సభకు వచ్చి చెప్పాడు: "మహారాజా, ఏడు సముద్రాల అవతల రాతిదీవిలో కరాళుడనే మాంత్రికుడున్నాడు. మనుషుల సంతోషాన్ని వాడే దొంగిలిస్తాడట. వాడి ప్రాణం ఒక చిలకలో ఉందట."

వెంటనే రణధీరుడు కత్తి కట్టుకుని బయలుదేరాడు. ఏడాదైనా తిరిగి రాలేదు. వజ్రబాహుడు గద పట్టుకుని బయలుదేరాడు. ఏడాదైనా అతనూ రాలేదు. రాజు బెంగతో మంచం పట్టాడు.

అప్పుడు సుకేతుడు తండ్రి దగ్గరకు వచ్చాడు. "నాన్నగారూ, నేను వెళతాను."

"నాయనా, నీకు మంచం దిగడానికే ఒక పూట పడుతుంది కదా" అన్నాడు రాజు.

"అవును. అందుకే తెల్లవారుతూనే మొదలుపెట్టి మధ్యాహ్నానికి బయలుదేరతాను."

అన్నట్టే మధ్యాహ్నానికి రేవు చేరాడు. రాతిదీవి పేరు వినగానే పడవవాళ్ళంతా తల అడ్డంగా ఊపారు. ఒక్క పైడి మాత్రం ఊపలేదు. తండ్రి పోయాక ఆయన పడవ తనే నడుపుకుంటున్న పిల్ల పైడి. ఆమె సుకేతుణ్ణి తేరిపార చూసి, "ఎన్నాళ్ళనుంచి?" అని అడిగింది.

"ఏమిటి?"

"ఆ బరువు. మా అమ్మకూ ఉండేది. నడకలోనే తెలిసిపోతుంది రాకుమారా."

ఏడేళ్ళలో ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆమే. "ఏడేళ్ళు" అన్నాడు సుకేతుడు. అని, ఎందుకో అక్కడే మెట్టు మీద కూర్చుని చాలాసేపు ఏడ్చాడు. పైడి పక్కనే కూర్చుని తాడు పేనుకుంటూ ఉంది. ఏడుపు ఆగాక, "రోజుకు ఎన్ని తెడ్లు వేయగలరు?" అని అడిగింది.

"బాగున్న రోజు వంద. బాగాలేని రోజు పది."

"పదైనా చాలు. కానీ బాగాలేని రోజు నాతో చెప్పాలి. నాకు తెలిస్తే మీ వంతు కూడా నేనే వేస్తాను. దాస్తే మాత్రం ఇద్దరం మునుగుతాం."

ఇద్దరూ మొదటి సముద్రం దాటారు. రెండోది దాటారు. మూడో సముద్రంలో సుకేతుడు మూడు రోజులు లేవలేకపోయాడు. "ఇవాళ బాగాలేదు పైడీ" అన్నాడు. ఆమె లెమ్మనలేదు, నవ్వమనలేదు. గంజి కాచి పక్కన పెట్టింది, తెరచాప నీడ అతని మీద పడేలా తిప్పింది. నాలుగో రోజు అతను లేచి పది తెడ్లు వేశాడు. ఆ మర్నాడు పదిహేను వేశాడు.

అయిదో సముద్రంలో ఒక పెద్ద తాబేలు చిరిగిన వలలో చిక్కుకుని కనిపించింది. సుకేతుడు ఒక్కొక్క ముడీ విప్పుతూ కూర్చున్నాడు. చేతులు బరువెక్కి, ముడులన్నీ విప్పేసరికి సాయంత్రమైంది. అయినా వదిలిపెట్టలేదు.

"తొందరపడేవాళ్ళు ఇద్దరు నన్ను దాటుకుని వెళ్ళారు" అంది తాబేలు. "నువ్వు నాలాగే నెమ్మదస్తుడివి. నీ వెంట వస్తాను."

ఏడో సముద్రంలో గాలే లేదు. తాబేలు తాడు నోట కరుచుకుని పడవను లాగుతూ చెప్పింది: "కరాళుడి కోటకు మూడు గుమ్మాలు. లోపల ఇనుప పంజరంలో చిలక ఉంటుంది. అది పొడవదు, కరవదు, మాట్లాడుతుంది, అంతే. ఆ మాట విని కూర్చున్నవాడు కూర్చున్నట్టే రాయైపోతాడు."

"చెవుల్లో మైనం పెట్టుకుంటేనో?" అని అడిగింది పైడి.

"అది చెవులతో వినే మాట కాదమ్మా" అంది తాబేలు.

దీవి చేరారు. మొదటి గుమ్మం దగ్గర నిలబడగానే పైడి ఆ మాట విని కూర్చోబోయింది. సుకేతుడు ఆమెను వెనక్కి జరిపి, గుమ్మం బయటే ఉండమన్నాడు. ఆమె అతని నడుముకు పొడుగాటి తాడు కట్టి రెండో కొస తన చేతికి చుట్టుకుంది. "నేను మూడుసార్లు లాగుతాను, మీరు ఒకసారి లాగండి. ఉన్నారని నాకు తెలుస్తుంది. నేనున్నానని మీకు తెలుస్తుంది."

సుకేతుడు మొదటి గుమ్మం దాటాడు. ఎటు చూసినా రాతిమనుషులే. లోపలినుంచి చిలక అంది: "ఎందుకు వచ్చావు? నీవల్ల ఏమవుతుంది?" గుమ్మం పక్కనే రణధీరుడు ఒళ్ళో కత్తి పెట్టుకుని రాయై కూర్చున్నాడు.

రెండో గుమ్మం దాటాడు. "నువ్వు లేకపోయినా ఎవరికీ లోటు లేదు" అంది చిలక. అక్కడ వజ్రబాహుడు గద మీద తల ఆనించి రాయైపోయి ఉన్నాడు.

సుకేతుడు ఆగి అన్నల ముఖాలు చూశాడు. అప్పుడు అతనికి అర్థమైంది. అన్నలు ఈ మాటలు పుట్టాక ఎప్పుడూ విని ఎరగరు. ఒక్కసారి వినేసరికి కూలబడిపోయారు. తను వీటిని ఏడేళ్ళుగా రోజూ పొద్దున్నే వింటున్నాడు. విన్నా, ఆలస్యంగానైనా, లేస్తూనే ఉన్నాడు. అందరూ బలహీనుడన్నారు, తనూ అదే అనుకున్నాడు.

నడుముకున్న తాడు మూడుసార్లు కదిలింది. అతను ఒకసారి లాగి మూడో గుమ్మం దాటాడు.

"అలసిపోయావు. కూర్చో" అంది చిలక, ఎంతో ప్రేమగా.

"నిజమే, అలసిపోయాను" అన్నాడు సుకేతుడు. "నిన్నా అలసిపోయాను, మొన్నా అలసిపోయాను. అయినా తెడ్డు వేశాను." అంటూ ఒక్కొక్క అడుగే వేస్తూ వెళ్ళి, పంజరం తెరిచి చిలకను పట్టుకున్నాడు.

దీవంతా అదిరింది. కరాళుడు గాలిలా వచ్చి ఎదుట నిలిచాడు. "రాకుమారా, చిలకను ఇచ్చేయి. నీ బరువు ఈ క్షణమే దింపేస్తాను."

సుకేతుడు ఏడేళ్ళుగా కోరుకున్నది అదొక్కటే. కానీ అతను తెలివిగా, "నీ మాట నమ్మేదెలా? ముందు వీళ్ళందరినీ మనుషుల్ని చెయ్యి, చూస్తాను" అన్నాడు. కరాళుడు దండం ఊపాడు. రాళ్ళన్నీ కళ్ళు తెరిచాయి.

"ఇప్పుడు నిజం చెప్పు. నా సంతోషం తీసింది నువ్వేనా?"

తన ప్రాణం అతని గుప్పిట్లో ఉండగా కరాళుడు అబద్ధమాడలేకపోయాడు. "నేను కాదు. నేను రాయిని చేయగలను, అంతే. రాయికి నొప్పి ఉండదు. నీకు ఇద్దామనుకున్నదీ అదే."

ఇన్ని సముద్రాలు దాటి వచ్చింది ఈ మాట కోసమా అనుకున్నాడు సుకేతుడు. తాడు మళ్ళీ మూడుసార్లు కదిలింది. అతను ఒకసారి లాగాడు. తరువాత కిటికీ దగ్గరకు వెళ్ళి గుప్పిట విప్పాడు.

నూరేళ్ళు పంజరంలో మగ్గిన చిలక ఎగిరిపోయింది. అది దూరమైనకొద్దీ కరాళుడు చిన్నవాడవుతూ వచ్చాడు. అది కనుమరుగయ్యేసరికి అక్కడ దండం ఒక్కటే మిగిలింది.

రణధీరుడు తడబడుతూ తమ్ముడి దగ్గరకు వచ్చాడు. "నువ్వు రోజూ వినేది ఇదేనా?"

"ఇదే అన్నయ్యా."

"ఏడేళ్ళుగానా? నేను నిన్ను వేటకు రమ్మన్నాను" అని రణధీరుడు తమ్ముణ్ణి కౌగిలించుకున్నాడు. వజ్రబాహుడు పక్కన నిలబడి కళ్ళు తుడుచుకున్నాడు.

రాళ్ళనుంచి లేచినవాళ్ళలో ఓబమ్మ అనే ముసలి వైద్యురాలు ఒకామె ఉంది. ఆమె సుకేతుడి చేయి పట్టి చూసి, "నీ దగ్గర ఎవరూ ఏదీ దొంగిలించలేదు నాయనా. ఇది నీ తప్పూ కాదు. జ్వరం ఎలాగో ఇదీ అలాగే, ఒక జబ్బు. మందుంది. అది పూర్తిగా పోగొడుతుందని చెప్పను, మోయగలిగేటట్టు చేస్తుంది. రోజూ వేసుకోవాలి. గుణం రెండు నెలలకు గానీ తెలియదు. ఒకటి పడకపోతే ఇంకొకటి చూద్దాం. ఒంటరిగా మాత్రం ఉండకు" అంది.

అందరూ ఏడు సముద్రాలు దాటి కుందగిరి చేరారు. రాజు మంచం మీదినుంచి లేచి ఎదురొచ్చాడు. "నాయనా, నీ సంతోషం తెచ్చుకున్నావా?"

"లేదు నాన్నగారూ. అన్నలను తెచ్చాను."

ఓబమ్మ ఇచ్చిన మొదటి మందు పడలేదు. రెండోది పడింది. ఆ శీతాకాలంలో ఒక ఉదయం సుకేతుడు రేవుకు నడిచి వెళ్ళి పైడిని అడిగాడు, "నన్ను పెళ్ళి చేసుకుంటావా? ముందే చెబుతున్నాను, ఆ బరువు మళ్ళీ వస్తుంది."

"వచ్చిన రోజు నాతో చెబుతారా?"

"చెబుతాను."

"అయితే సరే" అంది పైడి.

పెళ్ళి మూడు రోజులు జరిగింది. అన్నలిద్దరూ కలిసి వచ్చి, "మేము కూలబడిన చోట నడిచినవాడివి, సింహాసనం నీదే" అన్నారు. తండ్రీ సరేనన్నాడు. రాజైన సుకేతుడు రేవు పక్కన వెడల్పాటి అరుగులున్న ఇల్లు కట్టించి ఓబమ్మకు అప్పగించాడు. బరువున్నవాళ్ళు ఎవరైనా అక్కడికి రావచ్చు. మందు ఉండేది, గంజి ఉండేది, పక్కన కూర్చునే మనిషి ఉండేవాడు. వారానికొకసారి రాజు తనే వచ్చి ఆ అరుగు మీద కూర్చునేవాడు.

ఒకసారి దూరపు ఊరినుంచి వచ్చిన రైతు ఒకడు ఆయన్ని అడిగాడు, "మహారాజా, మీకది పోయిందా?"

"పోలేదు. ఈ నెలంతా ఉంది."

"మరి రాజ్యం ఎలా చూస్తున్నారు?"

"ఇవాళ పొద్దున రెండు తగాదాలు తీర్చాను. మూడోది రాణిగారు తీరుస్తున్నారు" అన్నాడు సుకేతుడు. "నువ్వు ఎప్పుడనగా తిన్నావో ఏమో. రా, ఇద్దరం భోంచేద్దాం."

అలా సుకేతుడూ పైడీ కుందగిరిని నలభై రెండేళ్ళు ఏలారు.