కిటికీలు లేని బస్సు

చేతిలో ఉన్న పని చాలదన్నట్టు రెండో పని ఒకటి నవనీతను వెతుక్కుంటూ వచ్చింది. రావడం బాగానే వచ్చింది గానీ, అది అడిగిన వేళ దగ్గరే చిక్కు వచ్చిపడింది.

నవనీత చౌటుప్పల్‌లో డిగ్రీ రెండో ఏడు. పొద్దున్నే తమ ఊళ్లో పాలకేంద్రం దగ్గర కూర్చుని, వచ్చిన పాలలో వెన్న ఎంతుందో మిషను మీద చూసి చెబుతుంది. ఆ జీతం బస్సు పాసుకీ పుస్తకాలకీ సరిపోతుంది. పగలు కాలేజీ. సాయంత్రం బస్సు దిగిందంటే ఇంటి ముఖం కూడా చూడకుండా వీరేశం తాత దగ్గరికి పోతుంది.

బూర వీరేశం చిటికి కట్టడంలో పేరున్న మనిషి. నేయకముందే నూలు మీద బొగ్గుతో గుర్తులు పెట్టి, రంగు అంటకూడని చోటల్లా సైకిల్ ట్యూబు రబ్బరు ముక్కలతో బిగించి కట్టి, అప్పుడు రంగులో ముంచడమే చిటికి. కట్టిన చోట తెలుపు మిగులుతుంది. కట్టని చోట రంగెక్కుతుంది. ఆ నూలు మగ్గం మీదికి వెళ్లాక బట్టలో బొమ్మ తేలుతుంది.

ఇక ఆయన పని నేర్పే తీరు వేరు. మామూలు మనిషి నాలుగు మాటలు చెప్పే చోట వీరేశం ఒక దగ్గు దగ్గుతాడు. నేర్చుకుందామని వచ్చినవాళ్లలో సగం మంది ఆ దగ్గులకి అర్థం తెలీకే పారిపోయారు. నవనీత మాత్రం నిలిచింది. ఏ దగ్గు మెచ్చుకోలో, ఏ దగ్గు తిట్టో దానికి తెలుసు.

ఇప్పుడు ఆ పిల్ల తన మొదటి సొంత రుమాలు కడుతోంది, చేతిరుమాలు కాదు, తలకి చుట్టుకునేంత పెద్ద చదరపు బట్ట. వెనకటివాళ్లు రుమాళ్ల మీద ఏనుగులు వేశారు, గడియారాలు వేశారు, విమానాలు కూడా వేశారు. నవనీత బస్సు వేసింది. రోజూ తను నిలబడి ప్రయాణం చేసే బస్సే. ఎర్రటి బస్సు, దానికి తెల్లటి కిటికీలు. దసరాకి నేత సంఘం వాళ్లు కొత్తవాళ్ల పని చూసి, నచ్చినవాళ్లకి మగ్గం ఇప్పిస్తారు. ఆ మగ్గం మీదే దాని ప్రాణమంతా ఉంది.

సరిగ్గా ఇప్పుడే చౌటుప్పల్ చీరల షాపు యజమానురాలు రాజ్యలక్ష్మి పిలిచింది. అంతకుముందు వారం నవనీత అమ్మతో ఆ షాపుకి వెళ్లింది. పక్కన పెళ్లివాళ్లు చీరలు చూస్తూ తికమక పడుతుంటే ఊరుకోలేక, చీర తిరగేసి, ఏది నేతలో వచ్చిన బొమ్మో, ఏది అచ్చు కొట్టిన బొమ్మో చూపించింది. వాళ్లు ముచ్చటపడి రెండు చీరలు ఎక్కువే కొన్నారు. రాజ్యలక్ష్మి అది చూసింది. కాలేజీ అయ్యాక రోజూ రమ్మంది, ఆదివారాలు కూడా రమ్మంది, రేపటికల్లా మాట చెప్పమంది.

నవనీతకి ఆశ పుట్టింది. అమ్మ నూలు మిల్లులో పొద్దంతా నిలబడే పని చేస్తుంది, నెలలో కొన్ని రాత్రి డ్యూటీలు కూడా. భుజం పట్టేసి రాత్రిళ్లు ఆ పక్కకి తిరిగి పడుకోలేదు. ఇంకో జీతం వస్తే అమ్మని కొన్నాళ్లైనా మాన్పించొచ్చు. అమ్మని అడిగితే, “పరుగెత్తి పాలు తాగే కంటే నిలబడి నీళ్లు తాగుడు మేలంటరు బిడ్డా” అని, మళ్లీ తనే “నీ ఇష్టం” అంది. నీ ఇష్టం అన్నారంటే ఇక మనకి దిక్కు లేనట్టే.

దారిలో నవనీత తనకి తానే తీర్పు చెప్పుకుంది. రెండూ చేస్తా. చిటికి ఎప్పుడు తీరికైతే అప్పుడు కడతా. నిద్ర కొంచెం తగ్గిస్తే సరి, నిద్రేమన్నా అన్నం పెడుతుందా? ఇరవై ఏళ్ల వయసులో నిద్రంటే అందరికీ లోకువే.

వీరేశం వాకిట్లో పొయ్యి మీద ఎర్ర రంగు కాగుతోంది. ఆసు మీద, అంటే అర్ధచంద్రంలా ఉండే కట్టె చట్రం మీద, బస్సు నూలు పరిచి ఉంది. ముందు సగం కిటికీలు నిన్నటికే కట్టి ఉన్నాయి. వెనక సగం మిగిలింది.

“తాతా, ఒక మాట అడగాలె.”

“కట్టుకుంట అడుగు.”

నవనీత కట్టుకుంటూ మొదలుపెట్టింది. షాపు సంగతి, అమ్మ భుజం, తన నిద్ర లెక్క అన్నీ చెప్పింది. నడుమ రాజ్యలక్ష్మి ఫోను. రేపు వస్తే ఎక్కడ నిలబడాలో, ఏ రంగు చీర కట్టుకు రావాలో చెబుతోంది. నవనీత భుజానికీ చెవికీ మధ్య ఫోను ఇరికించుకుని ఊ కొడుతూ చేతులు ఆడిస్తూనే ఉంది. ఫోను పెట్టేసి గొప్పగా తల ఎత్తింది.

“చూసినవా తాతా? మాట మాటే, పని పనే. నేను రెండూ చేయగల్గుత.”

“అన్నీ కట్టినవా?”

“కట్టిన.”

“చూసుకున్నవా?”

“చూసుకున్న తాతా!”

వీరేశం నూలు చట్రం నుంచి తీసి చేతిలో పట్టుకుని వెనక సగం వేళ్లతో తడిమాడు. ఒక దగ్గు దగ్గాడు. నవనీత షాపు నుంచి వచ్చిన ఫోటోలు చూసుకుంటోంది, ఆ దగ్గు దానికి వినపడలేదు.

“ముంచనా?”

“ముంచు తాతా.”

ముంచాడు.

ఉడికించి, తీసి, కడిగి, ఆరేశాక కట్లు విప్పారు. బస్సు ముందు సగం కిటికీలు మల్లెల్లా తెల్లగా వచ్చాయి. వెనక సగంలో ఒక్క కిటికీ లేదు. సగం కట్లు వదులై రంగు లోపలికి దూరింది, మిగతా సగం అసలు కట్టనే లేదు. చూడ్డానికి బస్సు వెనక సగానికి ఎర్ర గోడ కట్టినట్టుంది.

నవనీత ముఖం పాలిపోయింది. ఎన్ని సాయంత్రాల పని అది! ఏం చేస్తోందో తనకే తెలియకుండా రబ్బరు ముక్క అందుకుని, కిటికీలు ఉండాల్సిన చోట, ఆ ఎర్ర నూలు మీదే, గబగబా బిగించి కట్టడం మొదలుపెట్టింది. ఒకటి కట్టింది. రెండోది కట్టింది. ఇప్పుడు చేతులకి ఎక్కడలేని శ్రద్ధ వచ్చింది, ముళ్లు రాయిలా పడుతున్నాయి.

వీరేశం పక్కన కూర్చుని చూశాడు.

“లోపల ఏం దాస్తున్నవ్ బిడ్డా?”

నవనీత చేతులు ఆగిపోయాయి.

“ఎరుపు,” అంది. అని ఏడ్చేసింది.

ఆయన ఊరుకోమనలేదు, తప్పు అనలేదు. ఏడుపు ఒక దారికి వచ్చాక అడిగింది, “నేను కట్టలేదని నువ్వు ముందే చూసినవ్ కద తాతా?”

“చూసిన.”

“మరి ముంచకపోతే ఏమైతుండె?”

“ముంచమంటివి గద.”

లోపలికి వెళ్లి తెల్ల నూలు తెచ్చి దాని ఒళ్లో పెట్టాడు. పొయ్యిలో కట్టెలు వెనక్కి లాగి నీళ్లు చల్లాడు.

“రంగు రేపు గూడ కాగుతది. ఎన్నడు ముంచినా ఒద్దనదది. తెలుపు మిగలాల్నంటె ముందుగాల్నే కట్టుకోవాలె,” అన్నాడు. వీరేశం లెక్కలో ఇది పెద్ద ఉపన్యాసమే.

మర్నాడు కాలేజీ కాగానే నవనీత షాపుకి వెళ్లింది. రాజ్యలక్ష్మి కుర్చీ చూపించింది. నవనీత కూర్చోలేదు, కూర్చుంటే ధైర్యం జారిపోతుందేమోనని భయం.

“మేడం, ఆదివారాలు పొద్దుందాక మీవే. కాలేజీ సెలవులు గూడ మీవే. పెండ్లిళ్ల గిరాకీ ఉన్నా లేకున్నా మామూలు రోజుల సాయంత్రాలు మాత్రం ఇయ్యను. ఆ టైముల ఫోను గూడ ఎత్తను.”

రాజ్యలక్ష్మి కనుబొమలు పైకి పోయాయి. “జీతం నేనిస్త, షరతులు నువ్వు పెడ్తవా?”

“ముందే చెప్పుకుంటున్న మేడం. తర్వాత చెప్తే ఇద్దరికీ కష్టం.”

“సాయంత్రాలు ఏం రాచకార్యాలున్నయమ్మా నీకు?”

“చిటికి నేర్చుకుంట.”

“అది బువ్వ పెడ్తదా?”

“మీరు నన్ను పిలిచింది అది తెల్సనే కద మేడం.”

ఆ మాట అనేశాక గానీ ఎంత మాట అన్నదో నవనీతకి తెలిసిరాలేదు. అమ్మ భుజం కళ్లముందు మెదిలింది. ఒక్క అడుగు వెనక్కి వేసి, “పోనీ, సాయంత్రాలు గూడ వస్త” అనేయొచ్చు. నాలుక చివరిదాకా వచ్చింది ఆ మాట. మింగేసింది. దండం పెట్టి బయటికి నడిచింది. మెట్ల దగ్గర చెప్పుల్లో కాలు పెట్టింది, వెనక్కి తిరగలేదు.

“ఓ పిల్లా!”

రాజ్యలక్ష్మి గుమ్మం దాకా వచ్చింది. కోపంగా ఉందో, నవ్వు ఆపుకుంటోందో తెలియని ముఖం.

“ఆదివారం ఎన్నింటికొస్తవ్?”

“షట్టర్ లేపే యాళ్లకు ఇక్కడుంట మేడం!”

ఆ సాయంత్రం బస్సులో నవనీతకి కాళ్లు నేలమీద లేవు. కాలు తొక్కినవాడి మీద కూడా కోపం రాలేదు. ఒక్క ఆదివారాల జీతంతో అమ్మ మిల్లు పూర్తిగా మానలేదు గానీ, రాత్రి డ్యూటీలు మానగలదు. అది చాలు, ముందు అది చాలు. దిగీ దిగగానే పరుగు. వీరేశం వాకిట్లోకి గాలిదుమారంలా వచ్చి పడింది.

“తాతా! గెలిచిన! పని దొరికింది, సాయంత్రాలు పోలే! నేను గెలిచిన!”

వీరేశం ఆసుకి నూలు ఎక్కిస్తున్నవాడు తలెత్తాడు. ఆయన ముఖం ఎన్నడూ లేనంత వెలిగింది. ఆ వెలుగు చూసి నవనీతకి కళ్లు చెమర్చాయి.

“ఎవరి మీద బిడ్డా?”

నవనీత చెప్పబోయింది. రాజ్యలక్ష్మి పేరు నోటిదాకా వచ్చి అక్కడే ఆగింది. నిన్న ఫోనులో ఊ కొడుతూ వదులు ముళ్లు వేసిన తన రెండు చేతుల వైపు చూసుకుంది. తర్వాత వాకిలంతా వినపడేలా నవ్వుతూ, ఫోను తీసి కట్టేసి, ఆసు ముందు కూర్చుంది.