గవరయ్య మెడలో గంట

అనగనగా కొండ కింద ఒక కుమ్మరోళ్ల ఊళ్ళో గవరయ్య అని ఒకడుండేవాడు తల్లీ. వాడికి ఎవరికీ వినపడని మాటలు వినపడేవి. వాటికి జవాబులు చెప్పుకుంటూ వీధుల్లో తిరిగేవాడు. అంతే. చీమకైనా హాని చేసి ఎరగడు.

ఒకరోజు గాలివానకి ఆరబెట్టిన కుండలు పగిలాయి. "ఆ పిచ్చోడి పనే," అన్నారు. ఆ తర్వాత ఎవరిదో మేక కాలు విరిగింది. "ఇంకెవడు? వాడే," అన్నారు. ఒక్కడూ చూసింది లేదు. చూడకుండానే రాళ్లు విసిరారు. వాడి నుదురు చిట్లింది.

అప్పుడు వాళ్ల వదిన సన్యాసమ్మ ఏడ్చి ఏడ్చి, ఆవు మెడలో గంట విప్పి వాడి మెడలో కట్టింది. "నువ్వొస్తున్నట్టు ముందే తెలిస్తే జనం జడుసుకోరు నాయనా. జడుసుకోకపోతే కొట్టరు," అంది. ప్రేమతోనే కట్టింది, పాపం.

ఆ తర్వాత గంట వినపడితే చాలు, తల్లులు పిల్లల్ని లోపలికి లాక్కుని గడియ వేసుకునేవారు. రాళ్లు ఆగాయి. వాణ్ణి పలకరించే మనిషి మాత్రం మిగల్లేదు.

ఓ ముసురు పట్టిన మధ్యాహ్నం, ఊరి చివర బంకమట్టి తవ్వే గుంట వైపు నుంచి గంట గణగణా మోగింది. టపటపా తలుపులు పడ్డాయి. గంట ఆగలేదు. "ఇవాళ బాగా ముదిరింది వీడికి," అనుకున్నారు ఇళ్లల్లో కూర్చుని.

రోజూ వాడికి ముద్దలు కలిపి పెట్టే సన్యాసమ్మ కూడా, ముందు తన కూతురు పైడిని లోపలికి లాగుదామనే లేచింది. ఇంట్లో పైడి లేదు. పెరట్లో లేదు. వీధిలో లేదు.

అప్పుడు గంట మోగుతున్న వైపు పరిగెత్తింది. గుంట నిండా వాన నీళ్లు, అడుగున కాళ్లు లాగేసే మట్టి. గట్టుకి బారెడు దూరంలో గవరయ్య గడ్డం దాకా దిగిపోయి ఉన్నాడు. నెత్తి మీద పైడి. ఒక చేత్తో పిల్లని పట్టుకుని, మెడలోంచి తెంపిన గంటని రెండో చేత్తో ఊపుతున్నాడు. అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది.

"గంట ఎంత కొట్టినా ఎవరూ రాలేదు వదినా," అన్నాడు. పిల్లని అందించాడు.

ఆవిడ కేకలకి తలుపులు తెరుచుకున్నాయి. జనం తాళ్లు తెచ్చేసరికి గుంటలో గంట చప్పుడు లేదు.

"నేను కట్టిన గంటే, నేను కట్టిన గంటే," అని సన్యాసమ్మ గుండెలు బాదుకుంది.

ఇప్పుడా ఊళ్ళో గంట మోగితే ఒక్క తలుపూ మూసి ఉండదట. ఏం లాభం తల్లీ, వాడు లేడుగా.

కథ కంచికి పోయె, కునుకు కంటికి వచ్చె,
గంట మోగిన వేళ గడియ తీయవె తల్లీ.