జల్లు కోసిన మొక్కజొన్న చేను

అడవి అంచున, ఏటి ఒడ్డున ఎలుగు చేనూ నక్క చేనూ పక్కపక్కనే ఉండేవి. మధ్యన ఒక్క గట్టే అడ్డం. ఒకే నేల, ఒకే విత్తనం, ఒకేనాడు వేసిన విత్తు. రెండు చేలల్లోనూ మొక్కజొన్న నిలువెత్తు ఎదిగి, నెత్తిన కుచ్చులా జల్లు వేస్తోంది.

ఎలుగుకు మాత్రం కుదురు లేదు. పిల్లలిద్దరూ ఏటికవతలి కొండ మీద పిన్ని దగ్గర పెరుగుతున్నారు. వానలకు ఏరు పొంగేలోగా గింజలు చేర్చకపోతే వాళ్లకు పస్తే. అందుకే రోజూ చేలో తిరిగి ప్రతి మొక్కనూ తడిమి చూసుకునేది.

ఆ బెంగను నక్క పసిగట్టింది. లేత జల్లు తెచ్చిపెడితే మీగడ పెడతానని ఏటి ఒడ్డున మేసే గేదె నక్కకు అప్పటికే మాటిచ్చి ఉంది.

“ఎలుగక్కా, నెత్తిన ఆ కుచ్చు చూశావా? కంకికి పోవాల్సిన సత్తువంతా అదే మింగేస్తోంది. కోసి పారెయ్. కంకులు నీ ముంజేయంత లావవుతాయి. మోసే శ్రమ కూడా నీకొద్దు, నేను పట్టుకుపోతా.”

“నిజమా తమ్ముడూ? పనికిరానిదైతే ప్రతి మొక్కా ఎందుకు వేస్తున్నట్టు?”

“నాకు తోకెందుకుందో ఎప్పుడైనా అడిగావా? కొన్ని ఉంటాయంతే!”

ఎలుగు చెవి గోక్కుంది. “తెలిసినవాడివి, ముందు నీ చేలో కోసి చూపించు. కంకులు లావైతే వచ్చే పంటలో నా జల్లంతా నీదే.”

వెనక్కి తగ్గడానికి నక్కకు నోరు రాలేదు. పైగా కుచ్చు దండగని దానికీ నమ్మకమే. మధ్యాహ్నానికల్లా చేనంతా బోడి చేసి, మోపులు గేదె ముందు పడేసి, మూతి నాక్కుంటూ వచ్చింది.

“ఇంకా చూస్తూ నిలబడ్డావా? అనుమానం పెనుభూతమక్కా!”

“పోనీలే, చూడ్డమే నాకిష్టం.”

నిజంగానే చూసింది. గాలి వీచినప్పుడల్లా తన జల్లు నుంచి పసుపురంగు పొడి రాలి కంకుల పీచు మీద పడుతోంది. కొంత గట్టు దాటి నక్క చేలోకీ ఎగురుతోంది. ‘ఇదెందుకబ్బా?’ అనుకుంది ఎలుగు.

కోతలొచ్చాయి. నక్క గట్టు పక్క కంకి ఒలిచి గంతేసింది. “చూశావా, ఎంత నిండుగా ఉందో!”

లోపలి సాళ్లకు వెళ్లి ఇంకోటి ఒలిచింది. ముసలినోట్లో పళ్లలా అక్కడో గింజ, ఇక్కడో గింజ. మరోటి ఒలిస్తే ఒక్క గింజా లేని ఉత్త బెండు. ఆ చివరిదాకా అన్నీ బెండ్లే.

“అక్కా, ఎవరో చేతబడి చేశారు!”

ఎలుగు వంగి గట్టు పక్కవీ లోపలివీ తిప్పితిప్పి చూసింది. “చేతబడి కాదు తమ్ముడూ, నీ కత్తే. ఆ పొడి పీచు మీద పడితేనే గింజ కడుతుంది. గట్టు పక్కవాటిని నా జల్లు సాకింది. లోపలిదాకా దాని పొడి చేరలేదు.”

“ఆ మాట ముందే చెప్పొచ్చుగా!”

“నాకేం తెలుసు? తెలియకనేగా కోయలేదు!”

గింజల గంప నెత్తికెత్తుకుని ఎలుగు ఏరు దాటింది. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్లో పడ్డట్టు, నక్క బెండ్ల కుప్ప ముందు చతికిలబడింది.

నీతి: ఎందుకుందో తెలియనిదాన్ని దండగనుకుని కోసేస్తే, పోయాకే దాని విలువ తెలుస్తుంది.