కబురు చెప్పే మోటారు

ఒకానొక ఊళ్లో కృత్రిమ కాళ్లు చేసిచ్చే వర్క్‌షాపు ఉండేది. అక్కడ మోకాలి కీళ్లు చెక్కే మిల్లింగ్ మెషిన్‌ని గంగరత్నం చేత్తో చక్రాలు తిప్పుతూ నడిపేది. ఆ చక్రాలకు మోటార్లు బిగించి, వాటికి ఆజ్ఞలిచ్చే కంట్రోలర్ పెట్టి, దాన్ని కంప్యూటర్‌తో నడిచేలా మార్చాలని చైర్మన్ పరాంకుశరావు పూనుకున్నాడు.

"ఎంత తిరిగిందో కంట్రోలర్‌కి కబురు చెప్పే మోటారు తీసుకోండయ్యా," అంది గంగరత్నం. "మామూలు రకమైతే, లోహం గట్టిగా తగిలి మోటారు ఆగిపోయినా కంట్రోలర్‌కి తెలీదు. పనైపోయిందనుకుని ముందుకు పోతుంది. కీలు వంకరగా వస్తే, అది తొడుక్కున్న మనిషి నడిరోడ్డు మీద పడతాడు."

"హుకుం జారీ చేశాక పని జరిగి తీరుతుంది. జరిగిందా లేదా అని మళ్లీ కనుక్కోవడం దండగ!" అని కొట్టిపారేశాడు పరాంకుశరావు.

గంగరత్నం మాత్రం పట్టు వదల్లేదు. మర్నాడు మోటార్ల బేరం ఖాయం చెయ్యడానికి ఆయన ఊరి పెద్దలను వెంటబెట్టుకొచ్చి, భోజనాల ఏర్పాటు ఆమెకే అప్పజెప్పాడు. మధ్యాహ్నం అందరూ విస్తళ్ల ముందు కూర్చున్నారు. ఎంతసేపటికీ అన్నం రాలేదు.

"భోజనమేదీ?" అని అరిచాడు పరాంకుశరావు.

"వండమని వంటాయనకి పొద్దున్నే చెప్పేశానండీ. మీ లెక్కన ఈపాటికి మీరంతా తినేసుండాలి."

"చెబితే సరా? వండాడో లేదో కనుక్కోవద్దా?"

"నేను నిన్నట్నించీ అడుగుతున్నది అదేనండీ."

పెద్దలు గొల్లున నవ్వారు. పరాంకుశరావు కాసేపు ఖాళీ విస్తరి వంక చూసి, తనూ నవ్వేశాడు.

"సరే, కబురు చెప్పే మోటారే తెప్పిస్తాను. ముందు అన్నం కబురు చెప్పు తల్లీ!"

"పక్కగదిలో సిద్ధంగా ఉందండీ. కళ్లారా చూశాకే మిమ్మల్ని కూర్చోబెట్టాను."