వరుసకు మిగిలిన గొర్రెపిల్ల

అనగనగనగా, వానలు దారి తప్పిన ఒక ఏడాది. ఊళ్ళన్నీ ఎండిపోయాయి. కోట లోపలి చెరువులో మాత్రమే నీళ్ళున్నాయి. కాపరులంతా మందలు తోలుకుని కోటకు నడిచారు. వాళ్ళలో బీరవ్వ అనే ముసలమ్మ ఒకతె.

ఆమెకు ఇరవైమూడు గొర్రెలు. అందులో చిన్నది బుడిగి. తల్లి చచ్చిన కుంటిపిల్ల. బీరవ్వ దాన్ని గొంగడిలో చుట్టుకుని, వేరే గొర్రె పాలు పిండి, వేలితో నాకించి బతికించుకుంది.

ఆ కోటకు ఒకదాని వెనక ఒకటి మూడు వాకిళ్ళు. మొదటి వాకిట జీవాలు రెండేసి చొప్పున వరుసగా నడవాలి. రెండో వాకిట మూడేసి, మూడో వాకిట నాలుగేసి. తొక్కిసలాటలో పిల్లలు నలిగిపోకూడదని వెనకటి రాజు పెట్టిన నియమం అది. మంచికే పెట్టాడు. కానీ మంచి నియమాన్ని కూడా పొట్ట నింపుకోవడానికి వాడుకునేవాళ్ళు ఏ కాలంలోనైనా ఉంటారు. వరుసకు చాలక మిగిలిన జీవం వంటశాలకు పోవాలని కావలివాళ్ళు దానికో ముక్క అతికించారు.

బీరవ్వ గోడ నీడన కూర్చుని గొర్రెకొకటి చొప్పున చింతపిక్కలు పరిచింది. రెండేసి పేర్చింది. ఒకటి మిగిలింది. మూడేసి పేర్చింది. రెండు మిగిలాయి. నాలుగేసి పేర్చింది. మూడు మిగిలాయి.

"ఇరవైమూడు మొండి లెక్క అవ్వా," అన్నాడు పక్కనున్న కాపరి కొమరయ్య. "విడివిడిగా ఒక్కొక్కటీ పోవాలి, లేదా అన్నీ ఒకే వరుసలో పోవాలి. ఇంకెలా పంచినా మిగలక మానదు. ఆ కుంటిదాన్ని వదిలెయ్. నేనూ నా ముసలి పొట్టేలును వాళ్ళకిచ్చేద్దామని తాడు కట్టేశాను."

బీరవ్వ ఒక పిక్క తీసేసింది. జతలు కుదిరాయి. మూడేసి పేరిస్తే మళ్ళీ ఒకటి మిగిలింది. అదీ తీసేసింది. నాలుగేసి పేరిస్తే ఇంకొకటి మిగిలింది.

"చూశావా కొమరయ్యా! మొదటి వాకిట కుంటిదాన్నిస్తే, రెండో వాకిట మంచిదాన్ని అడుగుతారు. మూడో వాకిట ఇంకోదాన్ని. మనం ఇస్తూ పోతే అడిగేవాడికి సిగ్గెందుకుంటుంది?"

అంతలో బుడిగి కుంటుకుంటూ వచ్చి ఆమె గొంగడిలో తల దూర్చింది. బీరవ్వ దాని తల నిమిరింది. నిమురుతూనే ఆగిపోయింది. తీసేసిన పిక్కలు రెండూ మళ్ళీ పెట్టింది. కొంగుముడి విప్పి మరో పిక్క కలిపింది.

ఇరవైనాలుగు. రెండేసి పన్నెండు వరుసలు. మూడేసి ఎనిమిది. నాలుగేసి ఆరు. ఒక్కటీ మిగల్లేదు.

"పిక్కంటే కొంగులో దొరికింది. గొర్రె ఎక్కడ దొరుకుతుంది?" అన్నాడు కొమరయ్య.

ఆమె మందను అదిలించి వాకిలి వైపు నడిచింది.

మొదటి వాకిట పదకొండు జతలు దాటాయి. వెనకాల బుడిగి ఒక్కతే. కావలివాడు చెయ్యి చాచాడు. ఆ చేతికీ పిల్లకీ మధ్య బీరవ్వ వచ్చి నిలబడింది.

"పక్కకు జరుగవ్వా. అది మిగిలింది."

"ఎక్కడ మిగిలింది బిడ్డా? దాని పక్కన నేనున్నాను కదా!"

"నువ్వు గొర్రెవా?"

"అవి తిన్న ఎండే తిన్నాను, అవి తాగిన మడుగే తాగాను. నా ఒంటిమీది ఉన్నీ వాటిదే. తోక ఒక్కటే తక్కువ! వరుసలో వెలితి ఉండకూడదన్నదే కదా మీ రాజు మాట? చూడు, ఎక్కడుంది వెలితి?"

వెనకున్న కాపరులు ఘొల్లుమన్నారు. కావలివాడికీ నవ్వాగలేదు. చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

రెండో వాకిట చివరి వరుసలో రెండు గొర్రెలు, బీరవ్వ. మూడో వాకిట వంటవాడు తాడు పట్టుకుని కాచుకున్నాడు. చివరి వరుసలో మూడు గొర్రెలు, బీరవ్వ. అతను రెండుసార్లు లెక్కపెట్టి, తాడు చుట్టి చంకలో పెట్టుకుని పోయాడు.

బుడిగి చెరువులో మూతి ముంచింది. బీరవ్వ దాని వీపు మీద చెయ్యి వేసుకుని తానూ తాగింది.

బయట కొమరయ్యవి ముసలి పొట్టేలుతో కలిపి పదకొండు గొర్రెలు. అతను దాని మెడలో తాడు విప్పాడు. గొంగడి సర్దుకుని దాని పక్కన నిలబడ్డాడు. ఇప్పుడు పన్నెండు. ఏ వాకిటా ఏదీ మిగల్లేదు.

పంచినప్పుడు మిగిలిపోయేవాణ్ణి ఎవరికీ వదిలెయ్యకు. వాడి పక్కన నువ్వొకడివై నిలబడు, లెక్క దానంతటదే సరిపోతుంది.