తడిసిన ఏడాది వైన్

కోదండపాణి గారు వైన్ రుచి చూడటం నేర్పే గురువు. శిష్యులు ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. "చూద్దాం" అనేవారు. ఆ చూద్దాం ఒక్కోసారి సాయంత్రానికల్లా తేలేది, ఒక్కోసారి మరుసటి ఏడాది ద్రాక్ష కోతల దాకా సాగేది. ఓపిక లేనివాళ్లు మధ్యలోనే వెళ్లి పెద్ద హోటళ్లలో ఉద్యోగాలు చూసుకున్నారు, ఆయన కంటే బాగానే సంపాదించుకున్నారు కూడా. ఓపిక పట్టి మిగిలినవాళ్లలో లహరి ఒకతె.

బాగేపల్లి దాటాక కారులో లహరి అడిగింది: "మాస్టారూ, కాలం కలిసిరాని ఏడాది వైన్‌కి మార్కులు వేసేటప్పుడు కాస్త జాలి చూపాలా, అక్కర్లేదా?"

"చూద్దాం" అన్నారు ఆయన, కిటికీ అద్దం దించుకుంటూ.

వాళ్లు వెళ్తున్నది ముద్దుకృష్ణప్ప తోటకి. రాళ్లగుట్ట వాలులో ఆయన పెంచిన షిరాజ్ ద్రాక్షకి నాలుగు ఊళ్లలో పేరుంది. ఆ ఏడాది సరిగ్గా కోతల ముందు వేళకాని వేళ వాన పట్టుకుంది. పళ్లు నీళ్లు తాగి ఉబ్బాయి, కొన్ని పగిలాయి, కొన్నిటికి బూజు పట్టింది. చుట్టుపక్కల వాళ్లు దొరికింది దొరికినట్టు కోసి తొట్లలో పోశారు. ముద్దుకృష్ణప్ప మాత్రం ఊళ్లో ఆడవాళ్లని కూర్చోబెట్టి, ప్రతి గుత్తీ చేత్తో తిప్పి చూసి, పాడైన పండునల్లా కత్తెరతో తీయించాడు. మిగిలిన కొద్దిపాటి పంటతోనే వైన్ చేశాడు. భాగస్థులకి అది నచ్చలేదు. "ఇది మన తోట పేరుతో బయటికి పోతే పరువు పోతుంది, బ్రాందీ బట్టీకి పంపేద్దాం" అన్నారు. చివరికి పాణిగారు ఎలా చెబితే అలా అని ఒప్పందానికి వచ్చారు. నూటికి డెబ్బై ఐదు వస్తే సీసాల్లోకి, రాకపోతే బట్టీలోకి.

"ఈసారి మార్కులు నువ్వే వెయ్యి, సంతకం కూడా నీదే" అన్నారు పాణిగారు కారు దిగుతూ. లహరి పొంగిపోయింది.

చల్లటి గదిలో బల్ల మీద గుడ్డ చుట్టిన సీసాలు రెండున్నాయి. ఒకటి ముద్దుకృష్ణప్పది, రెండోది గుట్టకి అవతల ఇంకొకరు అదే ఏడాది చేసినది. ఏది ఎవరిదో లహరికి తెలియదు. సీసాలకి గుడ్డ చుట్టిన ముద్దుకృష్ణప్ప మాత్రం చేతులు వెనక్కి కట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాడు. పాపం, ఆయనకి మొహం దాచుకోవడం రాదు. అందుకే గోడ వైపు తిరిగాడు.

లహరి శ్రద్ధగానే పని చేసింది. గ్లాసు వంచి రంగు చూసింది, తిప్పి వాసన చూసింది, ఒక్క గుక్క తీసుకుని నోరంతా తిప్పి బకెట్‌లో ఉమ్మేసింది. మింగకపోవడం ఆ వృత్తిలో మర్యాద. మొదటిది నున్నగా, నిండుగా ఉంది, నాలుక మీద పట్టు పరిచినట్టు జారింది. రెండోది పలచన. పులుపు ముందుకొస్తోంది, వగరు చివర్లో కాస్త గీరుతోంది. మళ్లీ మళ్లీ చూసింది. అభిప్రాయం మారలేదు. కాగితం మీద మొదటిదానికి ఎనభై ఎనిమిది, రెండోదానికి అరవై ఎనిమిది వేసి, పైకి చదివింది.

ముద్దుకృష్ణప్ప వచ్చి రెండో సీసా గుడ్డ తానే విప్పాడు. అది ఆయనదే. లహరి కాగితాన్ని పాణిగారి ముందుకి జరిపింది.

"సరే మేడమ్" అన్నాడాయన. "పొద్దెక్కింది, అన్నానికి రాండి."

పాణిగారు ఆ కాగితం లహరి చేతికే ఇచ్చి, "సంతకానికి తొందరేం లేదు, భోజనం కానీ" అన్నారు. సీసాలు రెండూ చంకలో పెట్టుకుని ఆయనే ముందు నడిచారు.

వసారాలో ముద్దుకృష్ణప్ప భార్య రత్నమ్మ ఆకులు వేసింది. వేడి రాగి సంగటి, గుత్తొంకాయ, ఉలవచారు, నంజుకోవడానికి పచ్చి ఉల్లిపాయ. వైన్‌కి గ్లాసులు లేవు, చిన్న స్టీలు లోటాలు పెట్టింది. ముద్దుకృష్ణప్ప తన లోటా బోర్లించాడు. "ఈ పొద్దు శనివారం సార్, నేను ముట్టను. మా ఆమె ఏ వారమూ ముట్టదు" అన్నాడు.

లహరి ఉండబట్టలేక అంది: "అన్నా, వాన మీ తప్పు కాదు కదా. నేనింకో ఏడు మార్కులు కలిపితే..."

"కలపొద్దు మేడమ్" అన్నాడు ముద్దుకృష్ణప్ప, సంగటి ముద్ద చారులో అద్దుతూ. "దాంట్లో సత్తువ లేకపోతే బట్టీకే పోనీ. జాలితో సీసాకెక్కితే రేపు దాన్ని నేనే తాగలేను."

ఆ మాటతో లహరి మనసు తేలికపడింది. తను న్యాయంగానే వేసిందన్న ధైర్యం వచ్చింది. నున్నటి వైన్‌ని లోటాలో కొద్దిగా పోసుకుని, వంకాయతో పాటు ఒక గుక్క మింగింది. ఎందుకో నోట్లో తీపి ముద్ద కట్టినట్టయింది. కారం మీద అది నిలవలేదు, వంకాయని నిలవనివ్వనూ లేదు. ఆ సీసా పక్కకి జరిపింది. రత్నమ్మ, పళ్లు కత్తిరించిన ఆడవాళ్ల వేళ్లన్నీ ద్రాక్షరసం అంటి ఎలా ఊదారంగుకి తిరిగాయో, ఊళ్లో పెళ్లికి ఆ చేతులతోనే వెళ్తే గోరింటాకు ఇలా పండిందేమని అడిగారో చెబుతుంటే లహరి పగలబడి నవ్వింది. మారు సంగటి పెట్టించుకుంది. ఉలవచారు ఇంకో గరిటె అడిగింది. ఇంత హాయిగా భోంచేసి ఎన్నాళ్లయిందో ఆమెకే గుర్తు లేదు.

పాణిగారు తన లోటాలో అడుగున మిగిలిన గుక్క తాగి, చెయ్యి చాచారు. "అమ్మాయ్, ఆ రెండో సీసా ఇటివ్వు."

లహరి సీసా ఎత్తింది. అది తేలిగ్గా పైకి లేచింది. వంచి చూసింది, ఒక్క చుక్క ఆకు మీద పడింది. గురువుగారు పోసుకున్నది ఒక్క లోటా. ఇంటివాళ్లిద్దరూ ముట్టలేదు. నున్నటి వైన్ సీసా మెడ కిందదాకా అలాగే నిండుగా ఉంది. లహరి చెవులు ఎర్రబడ్డాయి. ముద్దుకృష్ణప్ప నోట్లో ముద్ద నములుతూ నములుతూ ఆగిపోయాడు.

లహరి ఎడమచేత్తో కాగితం తీసి ఒళ్లో పెట్టుకుంది. "ఇప్పుడేం చెయ్యను మాస్టారూ?"

"పొద్దున నీ నాలుక మార్కులు వేసింది, ఇప్పుడు నీ చెయ్యి వేసింది" అన్నారు పాణిగారు, ఆకు మడుస్తూ. "సంతకం ఏది పెట్టాలో ఆ రెండూ తేల్చుకోనీ."